మబ్బు చూసి కొండ రాశాను

యాత్రా వ్యాసాలంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి, దారంతో కుట్టి, ట్రంకుపెట్టెలో దాచుకునేది. ఆ కట్టల్లో సీరియల్‌కి వెనక పేజీలో ఎవరో ఒకరు సిమ్లాకో, నైనితాల్‌కో, డార్జిలింగుకో వెళ్లొస్తూ ఉండేవారు. కథ ఆగిపోయిన చోట వాళ్ల రైలు బయల్దేరేది. కాశీబుగ్గలో వేసవి మధ్యాహ్నాలు, కరెంటు పోయి విసనకర్ర విసురుకుంటూ, నేను ఎన్నిసార్లు మంచుకొండలెక్కి దిగానో లెక్కలేదు.

అందుచేత ఈ వ్యాసాల్ని విమర్శించే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. పైగా ఇప్పుడు నేనూ ఒకటి రాసి ఉన్నాను. ఇవాళ ముఖ్యంగా విమర్శకు పెట్టేది దాన్నే. పక్కింటి పులుసుకి వంక పెట్టేముందు మన కూరలో ఉప్పు చూసుకోవడం మర్యాద కదా!

హిమాలయాల్లోని ఊరి మీద రాసే వ్యాసానికి ఒక అచ్చు ఉంది. చేగోడీలు, జంతికలు డబ్బాలకెత్తడంతో మొదలు. తరవాత రైల్లో తోటి ప్రయాణికుల వింతలు. కొండదారిలో మలుపులు, మలుపు మలుపుకీ వాంతులు. హోటలు గదిలో మనిషికి రెండు రజాయిలు. తెల్లవారుజామున సూర్యోదయం. మర్నాడు "చూడదగ్గ స్థలాలు": ఒక జలపాతం, ఒక గుడి, ఒక బౌద్ధారామం, ఒక జంతుప్రదర్శనశాల. సాయంత్రం బజారులో శాలువా బేరం, అందులో శ్రీవారి మీద ఒక చెణుకు. చివరికి "ఎంతైనా మన ఊరు మన ఊరే" అనుకుంటూ ఇల్లు చేరి ఆవకాయన్నం కలుపుకోవడం. ఇందులో ఊరి పేరు కొట్టేసి ఇంకో ఊరి పేరు పెట్టండి. వ్యాసం ఏమీ అనుకోదు.

నా వ్యాసమూ ఇంతే. 2025 ఏప్రిల్లో మేమిద్దరం డార్జిలింగు వెళ్లాం. పలాసలో రాత్రి హౌరా బండెక్కి, కలకత్తాలో దిగి, సియాల్దాలో మళ్లీ రాత్రి బండెక్కితే మర్నాడు పొద్దున్న న్యూ జల్పాయ్‌గురి. అక్కణ్ణుంచి జీపు. నాలుగు రోజులున్నాం. ఇంటికొచ్చిన వారానికి పన్నెండు పేజీలు రాసి పడేశాను. మా మహిళా మండలిలో నెలకోసారి చేరి, ఎవరేం రాసినా చదువుకోవడం అలవాటు. ఆ నెల వంతు నాది. టైగర్ హిల్ దగ్గరికొచ్చేసరికి గొంతు కాస్త పెంచి ఇలా చదివాను: "తొలి కిరణం సోకగానే కాంచనజంగ శిఖరం కరిగించిన బంగారంలా ధగధగలాడింది. ఆ దృశ్యం వర్ణనాతీతం!" అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి భోజనాల తరవాత మా వారు కాగితాలు తిరగేసి, "మనం కాంచనజంగని ఎప్పుడు చూశామోయ్?" అన్నారు.

చెప్పొద్దూ, నా ప్రాణం చివుక్కుమంది. నిజమే, చూడలేదు! తెల్లవారుజామున మూడున్నరకి లేచి, ఉన్న బట్టలన్నీ ఒంటిమీద వేసుకుని, 2590 మీటర్ల ఎత్తున వందలమంది మధ్య నిలబడ్డాం. ఎదురుగా మబ్బు. దాని వెనక మబ్బు. ఒకచోట మబ్బు కాస్త తెల్లబడితే, అదే సూర్యోదయం అన్నారు. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే బాగా కనపడుతుందనీ, వేసవి మొదలయ్యాక అదృష్టాన్నిబట్టేననీ జీపు డ్రైవరు చెప్పాడు. మేము చూసింది మబ్బు. నేను రాసింది కాంచనజంగ.

విచిత్రం ఏమిటంటే, అబద్ధం రాస్తున్నానని నాకు తోచనే లేదు. సంక్రాంతి ముగ్గు చెయ్యి అలవాటుకొద్దీ పెట్టేసినట్టు, కలం దానంతటదే రాసుకుపోయింది. టైగర్ హిల్ అన్నాక బంగారు శిఖరం ఉండాలిగా మరి! అది నేను చూసిన శిఖరం కాదు, అమ్మ కుట్టిన కట్టల్లో నేను చదివిన శిఖరం. ఈ అచ్చు చేసే మొదటి అపకారం ఇదే. మన బదులు తనే చూసేస్తుంది.

ఇక "వర్ణనాతీతం" అన్న మాట సంగతి. వర్ణనకి అందనప్పుడు వ్యాసం ఎందుకు రాయడం? నా పన్నెండు పేజీల్లో ఆ మాట నాలుగుసార్లు పడింది. ఎక్కడెక్కడ పడిందో ఎర్ర పెన్సిలుతో గీసి చూసుకున్నాను. నేను సరిగ్గా చూడని నాలుగు చోట్లా పడింది. "భూతల స్వర్గం" రెండుసార్లు. "మాటలు చాలవు" మూడుసార్లు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బాగా చూసిన చోట మాటలు చాలకపోవడం జరగలేదు. మలుపుల్లో నాకు తల తిరిగిన సంగతి పేజీన్నర వచ్చింది.

ఇది ఒక దోషం. రెండోది మా పిన్ని పట్టుకుంది.

మా పిన్నిది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఉద్దానం పల్లె. బాబాయికి కిడ్నీలు దెబ్బతిని వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం పలాస తీసుకొస్తుంది. లోపల ఆయన మంచం మీదుండే ఆ నాలుగు గంటలూ ఆవిడ బయట బల్లమీద కూర్చోవాలి. ఆ రోజు మాత్రం "ఏదో చదువుతావట గదా" అంటూ మా సమావేశానికొచ్చింది. చివరి వరసలో కూర్చుని మొత్తం విన్నది. చప్పట్లయ్యాక అడిగింది.

"బాగానే సెప్పేవే అమ్మా. గానీ అంత కొండమీద అన్నేసి ఇళ్లున్నాయంటన్నావు గదా, ఆళ్లకి నీళ్లెక్కడివే?"

ఒకరిద్దరు నవ్వారు. నేనూ నవ్వి, "కొండల్లో నీళ్లకేం కరువు పిన్నీ, జలపాతాలే ఉంటేను!" అన్నాను. "అలాగా" అంది. గడియారం చూసుకుని, బాబాయిని దింపే వేళయిందని వెళ్లిపోయింది.

ఉద్దానం సంగతి తెలియనివాళ్లకి ఆ ప్రశ్న అమాయకంగా తోచవచ్చు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల్లో ఇంటికొక మంచం అన్నట్టు ఏళ్ల తరబడి ఈ కిడ్నీ జబ్బు పీడిస్తోంది. ఇదీ కారణమని వైద్యులు ఇప్పటికీ ఒక్క మాట మీదకి రాలేదు. తాగే నీటి మీద మాత్రం జనానికి ఎప్పట్నుంచో అనుమానం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఈ పల్లెలకి తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. కొత్త ఊరు వెళితే మా పిన్ని గుడి ఎక్కడని అడగదు. ముందు నీళ్లెక్కడివని అడుగుతుంది. ఆవిడకి అది పర్యాటక విషయం కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే డార్జిలింగు నీళ్లు నేను చూశాను. చూసి, రాయలేదు.

హోటలు గది తలుపు వెనక కాగితం అంటించి ఉంది: పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది వరకే వేణ్ణీళ్లు, మనిషికి ఒక బకెట్టు. ఆ బకెట్టు మీద నేను మా వారితో పోట్లాడాను కూడా. కిటికీ కింద ఏటవాలు వీధిలో తెల్లవారకముందే చక్రాల బండి చప్పుడు. బండి నిండా నీళ్ల డబ్బాలు, తోసేది ఇద్దరు మనుషులు. మలుపు దగ్గర కొండలోంచి చెయ్యంత సన్నటి ధార పడుతుంటే దాని ముందు ఆడవాళ్ల వరస. అందులో పదిహేనేళ్ల పిల్ల ఒకతె, నుదుటికి పట్టీ తగిలించి, ఆ పట్టీకి కట్టిన డబ్బాని వీపుమీద మోసుకుంటూ మెట్లెక్కిపోతోంది. ఎర్ర శాలువా బాగుందని ఫోటో తీశాను. వ్యాసంలో ఆ పిల్ల "రంగురంగుల దుస్తుల్లో చిరునవ్వులు చిందించే కొండజాతి సుందరాంగనలు" అయిపోయింది. చిరునవ్వు చిందించలేదు పాపం, డబ్బా బరువుకి పళ్లు బిగబట్టింది.

తరవాత కూర్చుని చదువుకున్నాను. డార్జిలింగులో ఏటా దాదాపు మూడువేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన జిల్లాకి రెండింతల పైమాటే. అయినా వేసవిలో కటకట. వాన నాలుగు నెలల్లో కుమ్మరించి, ఏటవాలు మీద నిలవకుండా లోయలోకి జారిపోతుంది. అడవి ఉన్నంతమేర కొంత ఇంకి, ఊటగా బయటపడుతుంది. పట్టణానికి ఆధారం టైగర్ హిల్ పక్కనే ఉన్న సెంచల్ చెరువులు. 1910లో ఒకటి, 1932లో ఒకటి కట్టారు. ఆనాటి చిన్న ఊరికి సరిపడా కట్టినవి, ఇవాళ్టి ఊరికీ, ఆపైన మాలాంటి యాత్రికులకీ కలిపి సర్దుకోవాలి. సూర్యోదయం కోసం మేము ఆ చెరువులున్న అడవి దారినే వెళ్లి, ఆ దారినే తిరిగొచ్చాం. నా వ్యాసంలో ఆ అడవి పేరు "పచ్చని తివాచీ".

ఇంతలో ఇంకో సంగతి జరిగింది. ఎవరో పర్యాటకులు మన ఉద్దానం మీద రాసిన వ్యాసం ఒకటి నా చేతికొచ్చింది. "మరో కోనసీమ" అట. బారువ తీరం, మందస వాసుదేవ పెరుమాళ్ల గుడి, రావివలసలో పైకప్పు లేని ఎండల మల్లికార్జునుడు, టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, దూరంగా నీలంగా మహేంద్రగిరి. అన్నీ ఉన్నాయి. కొబ్బరిబోండాం నీళ్లు అమృతమట. పలాస జీడిపప్పు కిలో ఎంతో కూడా ఉంది. అమాయకపు పల్లె పడుచులు చిరునవ్వులు చిందించారట. ఆ ప్రాంతం, వర్ణనాతీతమట!

నాకు ఒళ్లు మండిపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. ఆ రాత్రి ముప్ఫై, నలభయ్యేళ్ల కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచాయి. ఇప్పుడు కనపడే పచ్చదనంలో చాలా భాగం ఆ తరవాత నాటి, నీళ్లు పోసి నిలబెట్టుకున్నది. పల్లెపడుచులంటే ఎవరు? ఇంటి మంచానికి మందులిచ్చి, పిల్లల్ని బడికి పంపి, జీడి కార్ఖానాకి పరుగెత్తే మనుషులు. "ఒక్కసారి మా పిన్నిని అడిగి రాయకూడదూ!" అని కాగితాలు విసిరికొట్టాను. అవి పోయి నా వ్యాసం పక్కన పడ్డాయి. రెండింటినీ పక్కపక్కన చూసేసరికి నోటమాట రాలేదు. డార్జిలింగుకి నేను చేసింది సరిగ్గా ఇదే.

అన్నట్టు, దీనికి తిరగేసిన తప్పు ఒకటుంది. కొందరు ఉద్దానం అనగానే ఆసుపత్రి మంచాలు తప్ప మరొకటి రాయరు. అదీ అచ్చే. మా పిన్ని ఇంటి వెనక పనసచెట్టుంది. కార్తీకంలో ఆవిడ సముద్రస్నానానికి వెళ్లి పాటలు పాడుతుంది. మనిషిని జబ్బుగా కుదించినా, చిరునవ్వుగా కుదించినా మనిషి మాయమవడం ఒక్కలాగే జరుగుతుంది.

మరి ఏం రాయాలి? నాకు తోచిన కొలత చెబుతాను. ఇంట్లో మనకి తెలిసిన పనిని వెంట తీసుకెళ్లి, దాంతో కొత్త ఊరిని చూడాలి. డార్జిలింగులో తేయాకు తోట చూశాం. ఆడవాళ్లు రెండాకులూ ఒక మొగ్గా తుంచి వీపుబుట్టలో వేస్తున్నారు. నేను రాసిందల్లా "పచ్చని తోటల్లో రంగుల సీతాకోకచిలుకలు" అని. కాశీబుగ్గలో పుట్టి పెరిగినదాన్ని, ఆ వేళ్లకేసి చూడొద్దూ? మా వీధి చివర కార్ఖానాలో ఆడవాళ్లు జీడిపిక్కలు కొడతారు. పిక్కలోంచి కారే నూనె వేళ్లని కాల్చి నల్లబరుస్తుంది. పొట్టు తీసేవాళ్లు గుండు విరక్కుండా తీయాలి. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. పౌనుకి 180 లోపు తూగే పెద్ద గుండుకి ఒక ధర, 320 తూగేదానికి ఇంకో ధర. తేయాకూ అంతే. మార్చి, ఏప్రిల్ నెలల తొలి కోతకే ఎక్కువ ధర, నాలుగైదు కిలోల పచ్చాకు కలిస్తే గానీ కిలో పొడి కాదు. ఏరే చెయ్యి ఆడదానిది, పేరు ఊరిది. పలాస పప్పు, డార్జిలింగు టీ. ఈ మాట నా వ్యాసంలో ఉండి ఉంటే అది ఇంకెవరూ రాయలేని వ్యాసం అయ్యేది. నా చేతిలో ఉన్న కళ్లద్దాలు పెట్టెలో పెట్టి, అరువు కళ్లద్దాలు పెట్టుకున్నాను.

ఇది నా కొత్త సిద్ధాంతమేమీ కాదు. తెలుగులో యాత్రా రచనకి పెద్దదిక్కు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, దాదాపు వందమంది పరివారంతో కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. తిరుగుదారిలో పూరీ చూసుకుని గంజాం, శ్రీకాకుళం మీదుగానే, అంటే మన తీరం వెంబడే వచ్చాడు. ఆయన రాసి పంపినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చు వేయించాడు. ఆ పుస్తకం తెరిచి చూడండి. మజిలీ వచ్చిందంటే దిగడానికి చోటుందా, నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దారి ఎలాంటిది అని చూస్తాడు. వందమందికి పూట గడపవలసిన మనిషి కదా! మా పిన్ని ఆ పుస్తకం చదవలేదు. అయినా ఇద్దరి ప్రశ్నా ఒక్కటే. వీరాస్వామయ్య రాసి దాదాపు రెండువందల ఏళ్లు కావస్తోంది, ఆ మజిలీలు ఇంకా కళ్లకి కడతాయి. నా బంగారు శిఖరం ఒక్క రాత్రి కూడా నిలవలేదు.

ఇదంతా మండలిలో చెబితే మా టీచరు వదిన ఒప్పుకోలేదు. "సరదాకి చదువుకునే వ్యాసంలో కూడా బాధలేనా? ఇంటినిండా ఉన్నవి చాలవూ?" అంది. న్యాయమైన మాటే. చాకిరీ మధ్య దొరికిన పావుగంటలో కొండగాలి పీల్చుకుందామనుకునేవాళ్లని నేను తప్పుపట్టను. ఆ గాలి పీల్చి పెరిగినదాన్నే నేనూ. కానీ వదినా, నేను అడిగేది బాధ కాదు, చూపు. చూపు ఉంటే సరదా పెరుగుతుందే గానీ తరగదు. జంతుప్రదర్శనశాలకి వెళ్లాం, "ఎర్ర పాండా ముద్దొస్తోంది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఆ శాల పేరు పద్మజా నాయుడు జంతుప్రదర్శనశాల. సరోజినీ నాయుడు కూతురు, హైదరాబాదులో పుట్టిన అమ్మాయి, 1956 నుంచి 1967 వరకు బెంగాలు గవర్నరు. 1958లో మొదలైన ఆ శాలకి 1975లో ఆవిడ పేరు పెట్టారు. అంత దూరాన, అంత చలిలో, గేటు మీద మన హైదరాబాదు ఆడపడుచు పేరు! ఆ గేటు ముందు నిలబడి ఫోటో దిగాను గానీ పేరు చదవలేదు. పక్కనే పర్వతారోహణ సంస్థ, టెన్సింగ్ ఎవరెస్టు ఎక్కిన మరుసటేడు 1954లో పెట్టింది. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ ఈ డార్జిలింగు కొండల్లోనే సాధన చేసింది. ఇవి బాధలా? ఇవీ అచ్చులో పట్టలేదు కనక జారిపోయాయి.

మేము వెళ్లొచ్చిన ఆరు నెలలకి, 2025 అక్టోబరు మొదటివారంలో, డార్జిలింగు కొండల్లో ఒక్క రాత్రి కుండపోత వానకి చరియలు విరిగిపడి ఇరవైమందికి పైగా పోయారు. మేము సరదాగా చెరువు చుట్టూ తిరిగొచ్చిన మిరిక్ వైపే ఎక్కువ నష్టం. టీవీలో చూస్తూ ఆ నీళ్లడబ్బా పిల్ల ఎలా ఉందో అనుకున్నాను. తిత్లీ రాత్రి తలుపుకి రోలు అడ్డంపెట్టి కూర్చున్న మా పిన్ని గుర్తొచ్చింది. "భూతల స్వర్గం"లో చరియలు ఎందుకు విరుగుతాయో నా పన్నెండు పేజీలు చదివినవాళ్లకి బోధపడే దారి లేదు.

అందుకని తిరగ రాశాను. ఈసారి ఆరు పేజీలే వచ్చింది. మొదటి వాక్యం: "డార్జిలింగులో మేము కాంచనజంగని చూడలేదు." తరవాత మబ్బు. ఆ మబ్బులో ఫ్లాస్కులు పట్టుకుని కాఫీ అమ్మిన ఆడవాళ్లు. బకెట్టు మీద మా పోట్లాట. సెంచల్ చెరువులు. ధార దగ్గర వరస. తేయాకు వేళ్లు, జీడి వేళ్లు. గేటు మీద పద్మజా నాయుడు. శాలువా బేరం కూడా ఉంచాను. అందులో మా వారు నిజంగానే మోసపోయారు, అది వదులుకోలేను.

ఉద్దానం వెళ్లి పిన్నికి చదివి వినిపించాను. అరుగుమీద కూర్చుని కొబ్బరీనెలు చీరుతూ విన్నది. లోపల బాబాయి కూడా దగ్గు ఆపుకుని విన్నాడు. చెరువుల సంగతి వచ్చినప్పుడు చీపురుపుల్ల చేతిలోనే ఉండిపోయింది. "మనకి ఇసక కింద, ఆళ్లకి రాయి కింద" అంది. ఎర్ర శాలువా పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆపమంది.

"మరా పిల్లదే ఊరటే? రోజుకెన్ని డబ్బాలు మోస్తాదట?"

నేను తెల్లమొహం వేశాను. ఫోటో తీశాను గానీ అడగలేదు. జీపు హారన్ కొడుతోంది మరి.

"ఈసారెల్లినప్పుడు అడుగు" అంది పిన్ని, ఈనె అందుకుంటూ.